మట్టిలో గుర్రం: ఆరో వంతు బొమ్మ చేసిన నా అనుభవం

గుర్రం బొమ్మ మొదలుపెట్టేవాళ్ళ మనసంతా తలమీదే ఉంటుంది. కళ్ళు, ముక్కుపుటాలు, ఎగిరే జూలు. బొమ్మ చెడేదేమో కాళ్ళ దగ్గర, అందులోనూ కీళ్ళ ఎత్తుల్లో. నిలబడి ఉన్న గుర్రాన్ని ఆరో వంతు కొలతలో నూనెమట్టితో ఎలా చేశానో మొదటి నుంచి రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లోపలి తీగ చట్రం విప్పాల్సి వచ్చింది. ఎందుకు విప్పానన్నది చదివితే మీకు ఆ పని తప్పుతుంది.

ఆరో వంతు అనుకోవడానికి కారణం లెక్క సులువు కావడమే. మూపు (మెడ వీపుతో కలిసే చోటి గట్టు) దగ్గర 150 సెంటీమీటర్లున్న గుర్రం బొమ్మలో 25 అవుతుంది, 60 సెంటీమీటర్ల తల 10 అవుతుంది. మట్టి ఎంత పడుతుందో కూడా ముందే తేల్చుకోవచ్చు. ఆ ఎత్తు గుర్రం 450 కిలోలు తూగిందనుకుందాం. పొడవు ఆరో వంతయితే ఘనపరిమాణం 216వ వంతు. జంతువు ఒళ్ళు ఇంచుమించు నీళ్ళ సాంద్రతే కాబట్టి 450ని 216తో భాగిస్తే రెండు లీటర్ల పైచిలుకు వస్తుంది. నూనెమట్టి లీటరుకు ఒకటిన్నర కిలో తూగుతుంది. మొత్తం మట్టితోనే నింపితే మూడు కిలోలు కావాలి. కడుపులో థర్మోకోల్ దిమ్మ పెడితే రెండు కిలోల లోపు సరిపోతుంది. నాకు పట్టింది 1,800 గ్రాములు.

నీళ్ళ మట్టి ఈ పనికి పనికిరాదు. అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, లోపలి తీగ కుంచించుకోదు. ఆ లాగుడుకి మొదట పగిలేవి సన్నటి కాళ్ళే. కాల్చుకోవాలంటే తీగ ఉండనే కూడదు, తీగ లేకపోతే ఆ కాళ్ళు ఆ బరువు మోయవు. నూనెమట్టి ఆరదు, పగలదు, నెల తర్వాత వచ్చి కూర్చున్నా వదిలిన చోటి నుంచే పని సాగుతుంది. మరీ మెత్తటి రకం కొనకండి. ఎండాకాలంలో అది పొట్ట కిందికి జారుతుంది. మధ్యరకం గట్టిది తీసుకుని, వాడేముందు కాసేపు ఎండలో పెట్టుకుంటే చాలు.

భంగిమ విషయం. రెండు కాళ్ళమీద లేచిన గుర్రం అందరికీ ఇష్టం, మొదటి బొమ్మకు మాత్రం వద్దు. కంచు పోసేవాళ్ళకే అది చాలాకాలం కొరకరాని కొయ్య. మాడ్రిడ్‌లో స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ విగ్రహానికి 1640లో శిల్పి పియెట్రో టాక్కా వెనక భాగాన్ని బరువుగా, ముందు భాగాన్ని బోలుగా ఉంచి ఆ పని సాధించాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1782లో నిలబెట్టిన రష్యా చక్రవర్తి పీటర్ విగ్రహంలో ఫాల్కొనే గుర్రం కాళ్ళ కింద ఒక పామును పెట్టాడు. చూసేవాళ్ళకు అది శత్రువు, శిల్పికి అది తోకను పట్టుకునే మూడో ఆధారం. పరుగు భంగిమ కావాలంటే ఫొటోలు చూసి చేయండి, ఊహించి చేయకండి. 1878లో మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు వచ్చేదాకా చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని నాలుగు కాళ్ళూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతున్నట్టు వేసేవాళ్ళు. నిజానికి నాలుగు గిట్టలూ నేల విడిచేది అవి కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు.

నేను ఎంచుకున్నది విశ్రాంతి భంగిమ: ముందుకాళ్ళు రెండూ, ఎడమ వెనకకాలు బరువు మోస్తుంటే కుడి వెనకకాలు గిట్ట కొనమీద ఆని ఉంటుంది. సులువనుకుని ఎంచుకున్నాను. ఆ సంగతి తర్వాత.

కొలతలు

కండమీద కొలిస్తే ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంది. ఎముక చర్మానికి తగిలే చోట్లు వెతికి పట్టుకోవాలి: మూపు శిఖరం, భుజం మొన, మోచేయి మొన, ముందుకాలి మోకాలు, తుంటి మొన, పిరుదు మొన, వెనకకాలి మడమ మొన. గుర్రాన్ని చదునైన నేలమీద నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబెట్టించి, దాన్ని రోజూ చూసుకునే మనిషిని తల దగ్గర ఉంచి కొలిచాను. కర్రతో కొలవబోతే బెదురుతుంది. ముందు కర్ర వాసన చూడనిచ్చి, మెడమీద ఆనించి, అప్పుడు వెనక్కి వెళ్ళాలి. ఎత్తులకు కర్ర, చుట్టుకొలతలకు దర్జీ టేపు.

నాకు వచ్చిన అంకెలు, బ్రాకెట్లో బొమ్మ కొలత, అన్నీ సెంటీమీటర్లలో: మూపు ఎత్తు 150 (25). భుజం మొన నుంచి పిరుదు మొన దాకా 153 (25.5). మూపు నుంచి ఛాతీ అడుగు దాకా 69 (11.5). నేల నుంచి మోచేయి 87 (14.5). నేల నుంచి ముందు మోకాలి నడుమకు 45 (7.5). నేల నుంచి మడమ మొనకు 57 (9.5). పొట్ట వెడల్పు 54 (9), తుంటి వెడల్పు 51 (8.5), ఎదురుగా చూస్తే భుజాల వెడల్పు 42 (7). ముందు గిట్ట వెడల్పు 12 (2).

ఇందులో రెండు అంకెల్ని గోడమీద రాసి పెట్టుకోవాలి: 7.5, 9.5. ముందుకాలి మోకాలు, వెనకకాలి మడమ ఒకే ఎత్తులో ఉండవు. వెనకది ఎప్పుడూ పైన ఉంటుంది. రెంటినీ ఒకే గీతమీద పెట్టిన బొమ్మ బల్ల కాళ్ళమీద నిలబడ్డట్టుంటుంది, ఆ తర్వాత ఎంత చెక్కినా బాగుపడదు. ఈ పేర్లతో ఇంకో చిక్కుంది. మనం మోకాలు అంటున్నది నిజానికి గుర్రం మణికట్టు. వెనక్కి విరిగినట్టు కనిపించే వెనకకాలి కీలు మన చీలమండ, వెనక మొన మన మడమ. అసలు వెనక మోకాలు డొక్క పక్కన, దాదాపు మోచేయి ఎత్తులో చర్మం మడత కింద దాగి ఉంటుంది. గుర్రం నిలబడేది ఒక్కో కాలికి ఒక్క వేలిమీద, నడిమి వేలి కొనమీద. గిట్ట ఆ వేలి గోరు. ఇది బుర్రకెక్కితే కాలు ఎక్కడ ఎటు వంగుతుందో మళ్ళీ బట్టీ పట్టక్కర్లేదు.

ఫొటోలు పది మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి, కెమెరాను పొట్ట నడిమి ఎత్తులో పెట్టి తీయాలి. రెండు మీటర్ల నుంచి ఫోన్‌తో తీస్తే దగ్గరున్న భాగం ఉబ్బుతుంది, కాళ్ళు పొట్టిగా వస్తాయి. అలాంటి ఫొటో చూసి చేసిన బొమ్మలను గుర్తుపట్టడం తేలిక: తల పెద్దది, పిరుదులు చిన్నవి. రెండు పక్కలు, ఎదురు, వెనక, వీలైతే మెట్టెక్కి పైనుంచి. పై ఫొటో చాలామంది తీయరు, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. పైనుంచి చూస్తే గుర్రం ముందు సన్నగా, పొట్ట దగ్గర వెడల్పుగా, తుంటి దగ్గర మళ్ళీ కోణంగా ఉంటుంది. పక్క ఫొటో ఒక్కటే పెట్టుకుని చేస్తే డ్రమ్ములాంటి ఒళ్ళు వస్తుంది.

చట్రం

పక్క ఫొటోను గ్రాఫ్ కాగితంమీద బొమ్మ సైజుకే గీసుకుని, తీగను ఆ గీతమీద పెట్టి వంచాను. పీట 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 40కి 30 సెంటీమీటర్లు. నడుమ కొంచెం ముందుకు రంధ్రం చేసి 10 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్ దించి, పైనా కిందా వాషరు, నట్టు బిగించాను. ఆ రాడ్ పొట్టలోకి దూరి బొమ్మ బరువంతా మోస్తుంది. కాళ్ళమీద బరువు వేయకూడదు. కాళ్ళ తీగలు పీటకు రెండు మిల్లీమీటర్లు పైనే ఆగిపోవాలి, అప్పుడే చివరిదాకా వాటిని కదపవచ్చు.

వెన్నుకు 4 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పోగులు, డ్రిల్లుకు తగిలించి పురి పెట్టాను. కాళ్ళకు 3 మిల్లీమీటర్లది. అంతకన్నా లావు ఎందుకు కుదరదంటే, మోకాలి కింద కాలు బొమ్మలో ఎదురుగా 8 మిల్లీమీటర్లు, పక్క నుంచి 11 మాత్రమే. 3 మిల్లీమీటర్ల తీగ ఉంటే చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల మట్టికి చోటుంటుంది. తీగమీద సన్నటి బైండింగ్ వైరును ఎడంగా చుట్టాలి, లేకపోతే మట్టి తీగచుట్టూ గిర్రున తిరుగుతుంది. ముందుకాళ్ళు రెంటికీ ఒకే తీగ, బోర్లించిన గిన్నెలా వెన్నుమీదుగా దాటించాను. వెనకకాళ్ళకూ అంతే. కలిసే చోట్లు బైండింగ్ వైరుతో కట్టి ఎపాక్సీ పుట్టీ పెట్టాను.

మొదటిసారి విప్పింది మెడ దగ్గర. తీగను జూలు గట్టు వెంబడి వంచాను, బయటి గీతను బట్టి చూస్తే అదే దారి అనిపిస్తుంది. మెడలోని ఏడు వెన్నుపూసలు ఆ దారిన పోవు. తల వెనక పైన మొదలై మెడ నడుమకు దిగి, మెడ మొదలుకు వచ్చేసరికి కింది మూడో వంతులోకి చేరి, అక్కడి నుంచి భుజాల మధ్య మళ్ళీ పైకి లేస్తాయి. జూలు కింద ఉన్నది కొవ్వు, కండ, నరాల (స్నాయువుల) పట్టీ. తీగ గట్టుమీద ఉండడంతో తలను కాస్త పక్కకు తిప్పగానే మెడ గొట్టంలా వంగి, తీగ చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మూపు కూడా అంతే: వెన్ను అక్కడ పైకి లేవదు, పూసలమీది ముళ్ళు పొడవుగా ఉండి ఆ గట్టు ఏర్పడుతుంది. వెన్ను తీగను మూపు శిఖరానికి మూడు సెంటీమీటర్లు కిందనే పోనివ్వాలి.

పొట్టలో థర్మోకోల్ దిమ్మను చెక్కి, రేకు కాగితం చుట్టి, వైరుతో బిగించాను. బయటి గీతకు ప్రతిచోటా ఒకటిన్నర సెంటీమీటర్ల మట్టి పట్టేలా చిన్నగా చెక్కాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా తన మైనపు బొమ్మల కడుపుల్లో సీసా బిరడాలు కుక్కేవాడు, కాబట్టి దిమ్మ ఏదైనా సిగ్గుపడాల్సింది లేదు. అది లోపల కదలకుండా ఉంటే చాలు. కదిలిందంటే మీద నొక్కినప్పుడల్లా కాళ్ళు ఊగుతాయి.

ఆనించిన కాలు

రెండో చట్రంతో పొట్ట, పిరుదులు నింపి, కుడి వెనకకాలిని మడమ దగ్గర వంచి గిట్ట కొన నేలకు ఆనించాను. చూస్తే కాలు విరిగిన గుర్రంలా ఉంది. ముందు మడమ కోణం మార్చాను, గిట్టను వెనక్కి జరిపాను, రెండు పూటలు పోయాయి. వెనక నుంచి తీసిన ఫొటో చూస్తేగానీ కారణం దొరకలేదు.

తప్పులు రెండు. వెనకకాలిలో డొక్క పక్కనున్న అసలు మోకాలు, మడమ రెండూ నరాల పట్టీలతో జతపడి ఉంటాయి. ఒకటి వంగితే రెండోది వంగి తీరాలి. ఒక్కదాన్నే వంచడం బతికున్న గుర్రానికి చేతకాదు, నేను దానిచేత చేయించాను. రెండోది, కాలు ఆనించగానే ఆ పక్క తుంటి కిందికి దిగుతుంది. వెనక నుంచి చూస్తే రెండు తుంటి మొనల్నీ కలిపే గీత వాలుగా ఉండాలి. నేను వెనకకాళ్ళ తీగను వెన్నుకు అడ్డంగా, సమతలంగా పుట్టీతో బిగించేశాను. అది వంగే ప్రసక్తే లేదు. పిరుదుల మట్టి తీసేసి, పుట్టీ పగలగొట్టి, కుడి పక్కను 6 మిల్లీమీటర్లు దించి మళ్ళీ కట్టాను. దించగానే మడమ, మోకాలు వాటంతట అవే సరైన వంపుకు వచ్చాయి, ఎందుకంటే ఇప్పుడు ఆ కాలికి చోటు తక్కువైంది. తోక మొదలు కూడా కొంచెం ఓరకు తిరగాలి. భంగిమ ఏదైనా, పుట్టీ పెట్టకముందే వెనక నుంచీ పైనుంచీ చట్రాన్ని ఫొటోతో పోల్చుకోండి.

మట్టి పెట్టే వరుస

ముందు పక్కటెముకల గూడు, తర్వాత దానిమీద భుజం పలక. ఈ వరుస మార్చకూడదు. గుర్రానికి మనలాగా మెడకింది జత్రువు ఎముక లేదు, ముందుకాళ్ళు ఒంటికి కండతో మాత్రమే అతుక్కుని ఉంటాయి. ఛాతీ రెండు భుజం పలకల మధ్య ఊయలలా వేలాడుతుంది. అందుకే ఆరు సెంటీమీటర్ల పొడవున్న త్రికోణపు పలకను విడిగా చేసి, మూపు నుంచి భుజం మొనకు ఏటవాలుగా, గూటిమీద అతికించాను. ఒళ్ళూ భుజమూ ఒకే ముద్దగా చేస్తే కాళ్ళు పొట్టలోంచి మొలిచినట్టుంటాయి.

మోకాలి కింద, మడమ కింద కండ అనేదే ఉండదు. ఎముక, దాని వెనక తాడులాంటి నరం, రెంటి మధ్య సన్నటి గాడి. కొత్తలో చేసేవాళ్ళు ఇక్కడ కాలిని గుండ్రంగా చేసేస్తారు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని పక్కల నుంచి నొక్కి, కర్రపుల్లతో గాడి తీస్తే వెంటనే గుర్రం కాలవుతుంది. ముందు మోకాలు ఎదురుగా చూస్తే చదునైన పెట్టెలా, కాలికన్నా వెడల్పుగా ఉండాలి. మడమ కీలు ఎదురుగా సన్నం, పక్క నుంచి వెడల్పు. గిట్ట ముందు గోడ, దాని పైనున్న పొట్టి వాలు భాగం ఒకే గీతలో రావాలి. బరువు మోసే కాలికి ఆ గీత నేలతో ఇంచుమించు 50 డిగ్రీలు, వెనకకాళ్ళకు కాస్త నిటారు. ముందు గిట్టలు గుండ్రన, వెనకవి కొంచెం కోసుగా ఉంటాయి. నాలుగూ ఒకే అచ్చులో చేసినట్టుంటే గుర్రాలు తెలిసినవాళ్ళు ముందు నవ్వేది అక్కడే.

నిలబెట్టాక తూకపు గుండు కట్టిన దారం పట్టుకోండి. బరువు మోస్తున్న వెనకకాలికి, పిరుదు మొన నుంచి వదిలిన దారం మడమ మొనను తాకి, కింది ఎముక వెనక అంచు వెంబడి నేలకు దిగాలి. నా బొమ్మలో ఎడమకాలు 4 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది. చూడ్డానికి ఏమీ తెలియదు, గుర్రం ఎందుకో నడుం నొప్పితో ఉన్నట్టుంది అనిపిస్తుంది, అంతే.

తల విడిగా చేయడమే మేలు. పది సెంటీమీటర్ల పొడవు, దవడ దగ్గర 4.7 లోతు, నుదుట 3.6 వెడల్పు, మూతి దగ్గర 2.3 లోతు ఉన్న దిమ్మను కత్తితో పలకలుగా కోసుకుని, ఆ అంచులు పోకుండా కడదాకా కాపాడాను. కన్ను నడినెత్తి నుంచి మూడున్నర సెంటీమీటర్ల కింద. అందులో 7 మిల్లీమీటర్ల పూస పొదిగి, రెప్పలు మట్టి తీగలతో వేశాను. పూస పక్కకు చూడాలి, కొద్దిగా మాత్రమే ముందుకు. రెండు కళ్ళూ ఎదురుగా కనిపిస్తే అది గుర్రం కాదు, పిల్లల కథల పుస్తకంలో మాట్లాడే జంతువు. కన్ను కింద నుంచి మూతివైపు నడిచే ఎముక గట్టు ఒక్కటి సరిగ్గా పడితే చెంప తనంతట తానే వస్తుంది. చెవులు మూడేసి సెంటీమీటర్లు. విశ్రాంతిలో ఉన్న గుర్రం చెవులు రెండూ నిక్కబొడుచుకోవు. ఒకటి ముందుకు, ఒకటి పక్కకు వదిలాను.

కండలు, నరాలు చెక్కే దగ్గర చెయ్యి ఊరుకోదు. నిలబడి కునికే గుర్రానికి అవి పెద్దగా కనిపించవు. నేను చెక్కినవాటిలో సగం టర్పెంటైన్ అద్దిన కుంచెతో తుడిచేశాను. చీకటి గదిలో టార్చిని పక్క నుంచి వేసి తిప్పితే అనవసరమైన గుంటలన్నీ బయటపడతాయి. అద్దంలో తిరగేసి చూడడం కూడా అంతే పనిచేస్తుంది.

అచ్చు

నూనెమట్టి ఎప్పటికీ ఆరి గట్టిపడదు కాబట్టి బొమ్మకు సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, అందులో రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పోసుకోవాలి. నూనెమట్టి కొన్ని రకాల్లో గంధకం ఉంటుంది. దానిమీద ప్లాటినం రకం సిలికాన్ పోస్తే మట్టిని తాకిన పొర గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. టిన్ రకానికి ఆ ఇబ్బంది లేదు. ఏదైనా సరే, బొటనవేలంత మట్టి ముక్కమీద ముందు పోసి చూసుకోవాలి. చెవులు, తోక కోసి విడిగా అచ్చు తీశాను. ఒంటికి రెండు ముక్కల సిలికాన్, బయట ప్లాస్టర్ పెంకు.

పోతలో నాలుగు గిట్టలూ పైకి ఉండేలా అచ్చును తలకిందులు చేసి, రాడ్ వచ్చిన పొట్ట రంధ్రానికే గరాటు గొట్టం పెట్టాను. గొట్టం మూతి గిట్టలకన్నా పైకి ఉండాలి, లేకపోతే రెసిన్ పొట్ట మట్టానికి వచ్చి ఆగిపోతుంది, కాళ్ళు నిండవు. మొదటి పోతలో రెండు గిట్టలు సగమే వచ్చాయి, లోపల గాలి చిక్కుకుంది. ప్రతి గిట్ట అడుగునా 2 మిల్లీమీటర్ల గాలి రంధ్రం చేసి, ఒక్కో కాలిలో గిట్ట నుంచి పొట్టదాకా 2 మిల్లీమీటర్ల ఉక్కు తీగ ముందే దించి రెండోసారి పోస్తే, నాలుగు రంధ్రాల నుంచీ ఒకటి తర్వాత ఒకటి రెసిన్ చుక్క పైకి వచ్చింది. ఆనించిన కాలి గిట్ట మిగతావాటికన్నా కొంచెం కిందుగా ఉంటుంది కాబట్టి ముందు అందులోంచి వచ్చింది. దాన్ని వెంటనే మట్టితో మూసి, మిగతా మూడింటి కోసం గరాటులో ఇంకా పోస్తూ ఉండాలి.